విమానము నేలపై నడచునపుడు

విమాన ప్రమాదమనగానే మన మనస్సునకు ఆకాశము తోచును. మబ్బులలో దారి తప్పుట, యంత్రము ఆగిపోవుట, కొండను తాకుట మున్నగునవే మనము ఊహించుకొను ఆపదలు. చక్రములు నేలను తాకినంతనే గండము గడచినదని అనుకొందుము. విమానము ఇంకను కదలుచుండగనే ప్రయాణికులు నడుమునకు కట్టిన పట్టీ విప్పి, లేచి, సామాను దించుకొనుటకు ఈ తలంపే కారణము. కాని విమానయాన చరిత్రలో మిక్కిలి ఎక్కువమందిని బలిగొన్న ప్రమాదము జరిగినది మబ్బులలో కాదు, ఒక విమానాశ్రయపు రన్‌వేమీద. ఆ కథ పిమ్మట చెప్పెదము. ముందు మన యూరి సంగతి.

హిందూపురమునకో, అనంతపురమునకో పోవు మన పాఠకులు బళ్లారి రోడ్డున దేవనహళ్లి సమీపించునప్పుడు, బస్సు కిటికీనుండి తక్కువ ఎత్తున పోవు విమానములను చూచియే యుందురు. ఈ విమానాశ్రయము 2008వ సంవత్సరము మే 24వ తేదీన పని ప్రారంభించినది. అంతకు ముందు బెంగళూరు విమానములన్నియు హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమునకే వచ్చుచుండెడివి. 2013లో దీనికి నగర నిర్మాతయైన కెంపేగౌడుని పేరు పెట్టిరి. పదునొకండేండ్లు ఒకే రన్‌వేతో నడచి, 2019 డిసెంబరులో రెండవ రన్‌వేను సంపాదించుకొనెను. ఒక్కొక్కటి నాలుగు కిలోమీటర్ల పొడవు గలది. 2022 నవంబరులో రెండవ టెర్మినలు కూడ ప్రారంభమైనది. ఇంత విశాలమైన ఆవరణలో, దిగిన విమానము తన స్థానము చేరుటకును, ఎగురవలసిన విమానము రన్‌వే మొదటికి పోవుటకును నేలమీద చాల దూరము నడువవలసి యుండును. ఈ నడకను ‘టాక్సీ’ చేయుట అందురు. నడచు దారి పేరు టాక్సీవే.

ఆకాశములో పక్షివలె తిరుగు విమానము నేలపై దిగినంతనే మూడుకాళ్ల బండియగును. దాని చక్రములను త్రిప్పు యంత్రము వేరుగ లేదు. రెక్కలక్రింది ఇంజనులు గాలిని వెనుకకు నెట్టుటచేతనే అది ముందుకు పోవును. మలుపు తిరుగుటకు పైలటు ప్రక్కన ఒక చిన్న పిడి యుండును. దానిచేత ముందుచక్రము తిరుగును. వెనుకకు పోవలసివచ్చినచో సామాన్యముగ అది తనంతట తాను పోదు. టగ్ అను బలమైన బండి వచ్చి దాని ముక్కును పట్టి వెనుకకు నెట్టును. వందలకొలది కిలోమీటర్ల వేగముతో పోగలిగిన వాహనమును ఒక చిన్న బండి దూడను నెట్టినట్లు నెట్టుచుండుట పిల్లలకు వింతగ నుండును.

ఇక దాని కొలతలు చూడుడు. మన దేశములో ఎక్కువగ తిరుగు ఏ-320 విమానపు రెక్కల విరివి ఈ కొననుండి ఆ కొనకు 35.8 మీటర్లు. 2022 అక్టోబరు 14వ తేదీన మొదటిసారి దుబాయినుండి ప్రయాణికులతో బెంగళూరునకు వచ్చిన ఏ-380 రెక్కల విరివి దాదాపు 80 మీటర్లు. పైలటు కూర్చుండునది విమానపు ముక్కులో. రెక్కకొనలు అతనికి ఎంతయో వెనుక, ప్రక్కగ నుండును. పెద్ద విమానములలో పైలటునకు తన రెక్కకొన కనబడుట కష్టము. అందుచే అమెరికా దేశపు రవాణా భద్రతా మండలి, పెద్ద విమానములకు రెక్కకొనలను చూపు కెమెరాలు అమర్చవలెనని 2012లో సిఫారసు చేసినది.

మలుపులో మరియొక చిక్కు కలదు. గడ్డివేసిన బండి ఇరుకువీధిలో మలుపు తిరుగుట చూచినవారికి ఇది సులభముగ బోధపడును. ఎడ్లు మలుపు దాటినను, వెనుకనున్న గడ్డి అవతలి గోడను రాచుకొనిపోవును. బండివాడు ముందు చూచుచుండును. రాపిడి వెనుక జరుగును. విమానపు రెక్కలు వెనుకకు వాలియుండుటచేత, ముక్కు ఒకవైపు తిరిగినప్పుడు రెండవవైపు రెక్కకొన మనమనుకొనుదానికంటె వెడల్పైన వలయమును గీయును. బండివాని వెనుక పిల్లవాడెవడైన నిలుచుండి కేక వేయవచ్చును. టాక్సీవేమీద పైలటునకు ఆ సాయము లేదు. టగ్ నెట్టునప్పుడు మాత్రమే రెక్కల ప్రక్కన మనుషులు నడచుచు సైగలు చేయుదురు.

అట్లైనచో పైలట్లు దేనిని నమ్ముకొందురు? నేలపై గీసిన పసుపుగీతను. ముందుచక్రము ఆ గీతపై నున్నంతవరకు, తక్కిన విమానములును తమ తమ స్థానములలో సరిగ నున్నంతవరకు, రెక్కకు తగులునది ఏదియు నుండదని లెక్క. ఈ రెండవ షరతులోనే చిక్కున్నది. ముందరి విమానము గీతదాక పోక కొంత వెనుకనే ఆగినచో, దాని తోక వెనుక దారిలోనికి చొచ్చుకొని యుండును. 2024 సెప్టెంబరు 10వ తేదీన అమెరికాలోని అట్లాంటాలో ఒక పెద్ద ఏ-350 విమానము టాక్సీ చేయుచు, ప్రక్కదారిలో రన్‌వే వైపునకు నిలిచియున్న చిన్న విమానపు తోకను రెక్కకొనతో కొట్టినది. ఆ తోక విరిగి ఒరిగిపోయినది. ఎవ్వరును మరణింపలేదు. అంతకు ముందు అదే యేట మార్చి 27వ తేదీన కలకత్తాలో, చెన్నైకి బయలుదేరుటకు రన్‌వే ముందు వేచియున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానపు రెక్కను, దర్భంగాకు పోవలసిన ఇండిగో విమానపు రెక్క రాచుకొనిపోయినది. రెక్కకొన తునిగినది. పౌరవిమానయాన శాఖవారు ఇండిగో పైలట్ల నిద్దరిని విధులనుండి తప్పించి దర్యాప్తు చేయించిరి.

ఇట్టి వానిని పత్రికలు ‘స్వల్ప సంఘటన’ అని వ్రాసి విడుచుచుండుట మాకు సరియనిపించదు. విమానపు ఇంధనములో ఎక్కువభాగము రెక్కలలోనే నిలువయుండును. గీత పడిన కారును నడుపుకొనిపోవచ్చును గాని, గీత పడిన రెక్కతో ఎగురరాదు. కొన్ని నూతన విమానముల రెక్కలు కార్బన్ నారతో చేసినవి. పైకి చిన్న నొక్కుగ కనబడు దెబ్బ లోపలి పొరలను విడదీసి యుండవచ్చును. కావున అది తిరిగి తన స్థానమునకు పోవలసినదే, ప్రయాణికులు దిగవలసినదే, పరీక్ష జరుగవలసినదే.

మన బెంగళూరులోనే 2025 ఏప్రిల్ 18వ తేదీ మధ్యాహ్నము ఇట్టి సంఘటన యొకటి జరిగినది. పనిలో లేక నిలిపియుంచిన ఇండిగో విమానమొకదానిని, నేలపని చేయు సంస్థకు చెందిన చిన్న వ్యాను పోయి తాకినది. వ్యానులో డ్రైవరు తప్ప వేరెవ్వరును లేరు.  వ్యాను పైకప్పు నలిగిపోయినది. అక్కడ కదలుచున్నది విమానము కాదు, వాహనము. విమానముచుట్టు ఇట్టి వాహనములు ఎన్ని తిరుగునో లెక్కింపుడు. సామాను బండ్లు, ఇంధనపు లారీలు, భోజనము తెచ్చునవి, మెట్లబండ్లు, సిబ్బందిని తెచ్చు వ్యానులు, టగ్గులు! ఈ బండ్లు నడుపువారికి సామాన్య లైసెన్సు చాలదు. విమానాశ్రయపు ప్రత్యేకమైన అనుమతి కావలయును. నియమము ఒక్కటే: దారి ఎప్పుడును విమానముదే. విమానపు వెన్నుపైనను పొట్టక్రిందను ఎర్రదీపము మెరయుచున్నదన్నచో ఇంజను తిరుగుచున్నదని గాని, తిరుగబోవుచున్నదని గాని గుర్తు. అప్పుడు దగ్గరకు పోరాదు. తిరుగుచున్న ఇంజను ముందున్న మనిషిని లోనికి లాగుకొనగలదు. వెనుకనున్న బండిని దొర్లించగలదు. విమానాశ్రయములో పనికి పోవు తల్లిదండ్రులు మన పాఠకులలోను కలరు. వారికి ఇది తెలిసిన విషయమే. వారి పిల్లలకు తెలియుట మంచిదని వ్రాసితిమి.

టాక్సీవేమీద తాకిడులు నెమ్మదిగ నడచునవి గనుక ప్రాణములు తీయుట అరుదు. విమానము తెలియక రన్‌వేమీదికి పోయినప్పుడే ఘోరము జరుగును. అచ్చట ఎదురుగ వచ్చునది గంటకు రెండువందలు, మూడువందల కిలోమీటర్ల వేగముతో వచ్చుచుండును.

1977 మార్చి 27వ తేదీ. అట్లాంటిక్ సముద్రములో స్పెయిను దేశమునకు చెందిన కానరీ దీవులు కలవు. అందలి లాస్ పాల్మాస్ విమానాశ్రయములో ఒక పూల అంగడియందు బాంబు పేలుటచేత, అచ్చటికి పోవలసిన విమానములను ప్రక్కదీవియైన టెనెరిఫ్‌లోని లాస్ రోడియోస్ అను చిన్న విమానాశ్రయమునకు మళ్లించిరి. అచ్చట ఒకే రన్‌వే. వచ్చిన విమానములు టాక్సీవేను నింపివేసినవి. అందుచే బయలుదేరు విమానములు రన్‌వేమీదనే నడచి, దాని చివరకు పోయి, వెనుదిరిగి ఎగురవలసి వచ్చినది. రెండు పెద్ద 747 విమానములు, ముందు డచ్చివారి కె.ఎల్.ఎమ్., దాని వెనుక అమెరికావారి పాన్ యామ్, ఇట్లు ఒకే రన్‌వేపై నడచుచుండెను. అంతలో పొగమంచు దిగినది. టవరులోని వారికి విమానములు కనబడవు. విమానములకు ఒండొంటి రూపు కనబడదు. ఆ విమానాశ్రయమున నేలపై కదలికలను చూపు రాడారు లేదు. మిగిలినది మాట యొక్కటే.

డచ్చి విమానము చివరకు పోయి తిరిగి నిలిచినది. టవరువారు దానికి ఎగిరిన పిమ్మట పోవలసిన మార్గమును చెప్పిరి. అది మార్గమునకు అనుమతియే గాని, ఎగురుటకు అనుమతి కాదు. డచ్చి సహపైలటు ఆ మార్గమును తిరిగి చదివి, చివర ఆంగ్లములో ‘మేమిప్పుడు టేకాఫ్ వద్ద ఉన్నాము’ అను అర్థము వచ్చు మాట అనెను. అప్పటికే విమానము పరుగు మొదలు పెట్టినది. స్పెయిను దేశీయుడైన కంట్రోలరు, విమానము టేకాఫ్ చేయవలసిన చోట నిలిచియున్నదని అర్థము చేసికొని ‘సరే’ అని, వెంటనే, ‘వేచియుండుడు, నేను పిలిచెదను’ అనెను. అదే క్షణమున పాన్ యామ్ వారు తామింకను రన్‌వేమీదనే యున్నామని చెప్పిరి. రేడియోలో ఇద్దరొకేసారి మాటాడినచో మాటలు గాక కీచుధ్వని వినబడును. డచ్చి విమానమున వినబడినది ఆ ధ్వనియే. వారి ఇంజనీరు, పాన్ యామ్ విమానము ఇంకను తొలగలేదా యని సందేహించి యడిగెను. తొలగినదని కెప్టెను గట్టిగ చెప్పెను. ఎదుటి విమానము కనబడినప్పుడు పైకి లేచుటకు ప్రయత్నించిరి గాని చాలలేదు. 583 మంది మరణించిరి. డచ్చి విమానములోని 248 మందిలో ఒక్కరును మిగులలేదు. పాన్ యామ్ విమానములో 61 మంది బ్రతికిరి.

భాష బోధించువారము గనుక ఆ వాక్యముపై మేము కొంచెము నిలువక తప్పదు. ఒక పనిని చేయుచునే యున్నామని చెప్పుటకు డచ్చి భాషలో ‘ఆ పని వద్ద నున్నాము’ అను తీరు వాక్యము కలదు. సహపైలటు ఆంగ్లపదములే పలికినను, వాక్యము అతని మాతృభాషాచ్చున పోతపోసినదని భాషావేత్తలు కొందరు చెప్పుదురు. దీనిలో వింతయేమున్నది? మనము బంధువుల యింటినుండి బయలుదేరునప్పుడు ‘పోతాము’ అనము, అది అశుభము. ‘వస్తాము’ అందుము. అర్థము పోవుచున్నామనియే. ఆ మాటనే ఆంగ్లములోనికి మార్చి దొరతో చెప్పినచో అతడు మన రాకకై గడపలో కనిపెట్టుకొని యుండును! అనంతపురమునుండి క్రొత్తగ వచ్చిన పిల్లవానిని ఇచ్చటి స్నేహితుడు ‘ఊట ఆయితా’ అని యడిగినచో, బావిలో ఊట ఊరినదా యని యడిగినట్లు వినబడును. ఇచ్చట ఊట యనగా భోజనము. ఇంటిలో నవ్వుకొనదగిన ఈ పొరపాటు రన్‌వేపై 583 మందిని పొట్టన పెట్టుకొన్నది. పొగమంచు, తొందర, ఇరుకు, పెద్దవానిని ఎదిరింపలేని వినయము కూడ తోడైనవి. కాని ఆ మాట స్పష్టముగ నుండియుండినచో అవి యన్నియు కలిసియు చంపలేకపోయెడివని మా యభిప్రాయము.

అటుపిమ్మట విమానరేడియో భాషను గట్టిగ దిద్దిరి. ఎగురుటకు అనుమతి నిచ్చునప్పుడును, దానిని రద్దుచేయునప్పుడును తప్ప ‘టేకాఫ్’ అను పదమును పలుకరాదు. మిగిలిన వేళల ‘డిపార్చర్’ అనవలయును. ఆజ్ఞను విన్న పైలటు ‘సరే’ అనిన చాలదు. ముఖ్యమైన ప్రతి యంశమును తిరిగి పలుకవలయును, పలికినది సరియైనదా యని కంట్రోలరు వినవలయును. అంకెల ఉచ్చారణకు కూడ నియమము కలదు. తొమ్మిదిని ‘నైనర్’ అందురు, మూడును ‘ట్రీ’ అందురు. మన పల్లెపిల్లవాడు ‘ట్రీ’ అన్నచో ఆంగ్లోపాధ్యాయుడు చెవి మెలిపెట్టును. టవరులో అదియే సరియైన ఉచ్చారణ. 2008 మార్చినుండి అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారు, ఇతర దేశములకు పోవు పైలట్లకును, కంట్రోలర్లకును ఆంగ్లములో నిర్ణీతమైన స్థాయి యుండవలెనను నియమమును అమలులోనికి తెచ్చిరి.

ఇంత చేసినను మాట జారుట మానలేదు. 2001 అక్టోబరు 8వ తేదీన ఇటలీలోని మిలాను నగరపు లినాటే విమానాశ్రయమున, పొగమంచులో ఒక చిన్న విమానము తప్పు టాక్సీవే పట్టి రన్‌వేమీదికి వచ్చినది. దాని పైలటు తానున్న చోటి గుర్తును చెప్పెను గాని, నేలపై వ్రాసియున్న ఆ గుర్తు కంట్రోలరునకు తెలియనే తెలియదు. నేలరాడారు పనిచేయుట లేదు. 118 మంది మరణించిరి. 2024 జనవరి 2వ తేదీన జపానులోని హనేదా విమానాశ్రయమున, ‘మీరు మొదటివారు’ అని టవరువారు చెప్పగ, తీరరక్షకదళపు చిన్న విమానము రన్‌వేమీదికి వచ్చి నిలిచినది. భూకంప బాధితులకు సామగ్రి తీసికొనిపోవలసిన విమానమది. దిగుచున్న ఏ-350 దానిని ఢీకొన్నది. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్దవిమానము కాలిపోయినను, అందలి 379 మందియు బయటపడిరి. పిమ్మట కొంతకాలము ‘మొదటివారు’ అను మాటను జపాను టవరులలో వాడకుండ మాన్పించిరి.

మరల దేవనహళ్లికి వచ్చెదము. ఇచ్చటి రెండు రన్‌వేలును తూర్పుపడమరలుగ, సమానాంతరముగ నున్నవి. రన్‌వే పేరు దాని దిక్కును బట్టి వచ్చును. తూర్పునకు పోవునది 90 డిగ్రీలు గనుక 09. పడమరకు పోవునది 270 గనుక 27. రెండును ఒకే దిక్కున నున్నవి గనుక ఎడమ, కుడి అని చేర్చుదురు. 2022 జనవరి 7వ తేదీ ఉదయము కొన్ని నిమిషముల తేడాతో ఉత్తరపు రన్‌వేనుండి భువనేశ్వరమునకు ఒక ఇండిగో విమానము, దక్షిణపు రన్‌వేనుండి కలకత్తాకు మరియొకటి ఎగిరినవి. రెండును ఒకదానికొకటి చేరువగునట్లు పోవుచుండగా, రాడారు ముందున్న కంట్రోలరు గమనించి వేరు దిక్కులకు మళ్లించెను. రెంటిలో కలిపి నాలుగువందలకు పైగా జనులుండిరి. అప్పటి వార్తల ప్రకారము, ఒకే రన్‌వేను వాడుదమని నిర్ణయించిరి గాని, ఆ మాట దక్షిణపు రన్‌వేను చూచు కంట్రోలరునకు అందలేదు. ఇది నేలమీది తాకిడి కాదు, అసలు తాకిడియే కాదు. కాని నేలపై చెప్పవలసిన మాట చెప్పకపోవుటయే దీనికిని మూలము గనుక ఇచ్చట చేర్చితిమి.

శీతకాలమున ఆ ప్రాంతమున తెల్లవారుజామున పొగమంచు దట్టముగ కమ్మును. యాభై మీటర్ల దూరము కనబడినను దిగుటకు వీలగు యంత్రసామగ్రిని దక్షిణపు రన్‌వేకు అమర్చిరి. యంత్రము విమానమును రన్‌వేదాక దించును. అచ్చటినుండి టెర్మినలు వరకు మాత్రము మనిషి చూచుకొని నడుపవలసినదే. దారి మధ్యగీతపై పచ్చదీపములు, అంచులందు నీలిదీపములు, ఆగవలసినచోట అడ్డముగ ఎర్రదీపములు. కొన్నివేళల ‘నా వెంట రమ్ము’ అని వ్రాసిన బండి ముందు నడచును.

మన తల్లిదండ్రులు కొందరు, తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు ఇట్టి ఉద్యోగములకు దారి యుండునా యని మమ్ము అడుగుచుందురు. ఆంగ్లము నేర్వవలసినదే, సందేహము లేదు. కాని రేడియోలో పనికివచ్చునది అలంకారములతో కూడిన ఆంగ్లము కాదు. నిర్ణీతమైన కొద్ది మాటలు, వానిని మార్చక పలుకుట, విన్నదానిని తిరిగి చెప్పుట. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఆంగ్లము వినుచు పెరుగు పిల్లవానికి, ఒకే ధ్వని ఒక్కొక్కచోట ఒక్కొక్క యర్థమిచ్చునని చిన్ననాటనే తెలియును. ఒకే భాషలో పెరిగినవానికి ఆ సందేహము అంత త్వరగ పుట్టదు.

విమానమెక్కు అవకాశము కలిగిన విద్యార్థులు ఈసారి కిటికీనుండి నేలను చూడవలయును. రన్‌వేకు ముందు అడ్డముగ నాలుగు పసుపుగీతలు కనబడును. రెండు నిండుగీతలు, రెండు తెగినగీతలు. నిండుగీతల వైపునుండి వచ్చు విమానము అనుమతి లేక దాటరాదు. రన్‌వేనుండి బయటకు వచ్చు విమానము తెగినగీతల వైపునుండి వచ్చి, తోకతో సహా దాటిన పిమ్మటనే ఆగవలయును. ఎదురుగ ఏమియు లేకున్నను మీ విమానము అచ్చట ఆగియుండును. ప్రయాణికులు గడియారము చూచుకొని విసుగుకొందురు. ఆ సమయమున ముందుగదిలో పైలటు తనకు చెప్పిన మాటను తిరిగి చెప్పుచుండును: రన్‌వే సంఖ్య, ఎడమయా కుడియా, ఆగవలయునా ప్రవేశింపవలయునా, చివర తన విమానపు పేరు.